నోరు విప్పి చదివితేనే నాటకం

ఇంగ్లీషు నాటకాలతో మీకున్న చుట్టరికం గురించి రాయమని పోయిన సంచికలో అడిగాను. ఇన్ని ఉత్తరాలు వస్తాయని అనుకోలేదు. చాలామంది సందేహాలు ఒకదానితో ఒకటి కలిసేవే కాబట్టి కొన్నిటిని తీసుకుని జవాబులు రాస్తున్నాను. పేర్లు లేకుండా ఊళ్ళు మాత్రం ఇస్తున్నాను.

ప్రశ్న: బ్యాంకులో పనిచేసి రిటైరయ్యాను. బి.ఏ.లో ‘మాక్బెత్’ మాకు పాఠ్యపుస్తకం. అప్పట్లో గైడు చదివి పరీక్ష గట్టెక్కాను. ఈమధ్య అటక మీంచి ఆ పాత వెరిటీ ఎడిషన్ దించి మధ్యాహ్నాలు చదువుతున్నాను. లేడీ మాక్బెత్ నిద్రలో నడిచే రంగం చదివిన రోజు అన్నం సయించలేదు. మావారేమో ‘నాటకమన్నది చూడాలి గానీ చదివితే ఏమొస్తుంది’ అంటున్నారు. నేను ఇంగ్లండు వెళ్ళలేదు. షేక్‌స్పియర్‌ని స్టేజీ మీద ఎప్పుడూ చూడలేదు. అయినా ఈ నాటకం నాకు తెలుసు అనుకోవచ్చా? (తణుకు)

జవాబు: అనుకోవచ్చు. అన్నం సయించలేదన్నారే, ఆ మాటతో మీ ప్రశ్నకు సగం జవాబు మీరే చెప్పేశారు. మిగతా సగం మీవారి కోసం రాస్తాను, ఆయనకి చదివి వినిపించండి.

షేక్‌స్పియర్ బతికుండగా ‘మాక్బెత్’ అచ్చు కాలేదు. ఆయన 1616లో పోయాడు. ఏడేళ్ళ తర్వాత, 1623లో, ఆయన బృందంలోనే వేషాలు వేసిన జాన్ హెమింజ్, హెన్రీ కాండెల్ అనే ఇద్దరు నటులు ఆయన నాటకాలు 36 పోగుచేసి పెద్ద పుస్తకంగా వేయించారు. వాటిలో 18 అంతకుముందు ఎక్కడా అచ్చయినవి కావు. ‘మాక్బెత్’, ‘జూలియస్ సీజర్’, ‘ట్వెల్ఫ్త్ నైట్’, ‘టెంపెస్ట్’ ఆ 18లోవే. ఆ ఇద్దరూ పూనుకోకపోతే ఇవాళ తణుకులో మీ ఒళ్ళో ఆ పుస్తకం ఉండేది కాదు. వాళ్ళు ముందుమాటలో పాఠకులతో ఏమన్నారో తెలుసా? ఆయన్ని చదవండి, మళ్ళీ చదవండి, మళ్ళీ మళ్ళీ చదవండి అన్నారు. అన్నది స్టేజీ మీద బతికిన మనుషులు. కాబట్టి చదవడం చూడటానికి తక్కువ అని నటులే అనుకోలేదు.

అయితే మిమ్మల్ని ఒకటి అడగాలి. కళ్ళతో చదువుతున్నారా, నోటితో చదువుతున్నారా? నేను డిగ్రీ కాలేజీలో ఇంగ్లీషు చెప్పినన్నాళ్ళూ పిల్లల్ని లేపి నిలబెట్టి పైకి చదివించేదాన్ని. నాటకం విషయంలో నాకు తెలిసిన విద్య అదొక్కటే, ఈ కాలమ్‌లో ఎవరేమడిగినా తిరిగి తిరిగి అక్కడికే వస్తాను.

దానికి కారణముంది. షేక్‌స్పియర్ బృందం ఆడిన లండన్ గ్లోబ్ నాటకశాలకి మధ్యలో కప్పు లేదు. ఆట మధ్యాహ్నం పూట, పట్టపగలు. లైట్లు లేవు, సీనరీ అంతంతమాత్రం. మరి ‘మాక్బెత్’లో సగం కథ అర్ధరాత్రి జరుగుతుంది కదా! ఆ రాత్రిని ఎక్కణ్ణుంచి తెచ్చారు? మాటల్లోంచే. రెండో అంకం మొదట్లో మాక్బెత్ స్నేహితుడు బాంక్వో తన కొడుకుని రాత్రి ఎంతయిందిరా అని అడుగుతాడు. చంద్రుడు గూకాడు, గంట కొట్టడం వినలేదు అంటాడు పిల్లాడు. ఆకాశంలో పొదుపు చేస్తున్నట్టున్నారు, దీపాలన్నీ ఆర్పేశారు అంటాడు తండ్రి. చీకటి పడిపోయింది! గ్లోబ్‌లో ఒక పెన్నీ ఇచ్చి నిలబడి చూసినవాడికి దొరికిన చీకటీ, మధ్యాహ్నం మీ వరండాలో మీకు దొరికే చీకటీ ఒకటే. అది మాట బయటికి పలికితేనే వస్తుంది.

ఇంకో సంగతి. ఆ రోజుల్లో నటుడికి నాటకమంతా ఇచ్చేవారు కాదు. తన మాటలూ, వాటి ముందు ఎదుటివాడు అనే చివరి రెండు మూడు ముక్కలూ రాసిన పొడుగాటి కాగితం చుట్ట ఇచ్చేవారు. మన నాటక సమాజాల్లో ‘నా పోర్షన్ వచ్చేసింది’ అంటారు చూడండి, అచ్చంగా అదే. ఎడ్వర్డ్ ఆలిన్ అనే నటుడి పోర్షన్ ఒకటి లండన్‌లో డల్విచ్ కాలేజీలో ఇప్పటికీ ఉంది. నటుడు ఆ ముక్క ఎప్పుడొస్తుందా అని చెవులు రిక్కించుకుని నిలబడాలి. మీరూ అలా చేసి చూడండి. లేడీ మాక్బెత్ పోర్షన్ మీరు తీసుకోండి, మాక్బెత్ మీవారికివ్వండి. రెండో అంకం రెండో రంగం చాలు. పెళ్ళాం ఎగదోస్తే నిద్రలో ఉన్న రాజుని చంపి మాక్బెత్ వచ్చాడు.

‘నువ్వేమైనా అన్నావా?’
‘ఎప్పుడు?’
‘ఇప్పుడే.’
‘దిగి వస్తుంటేనా?’
‘ఆఁ.’

కళ్ళతో చదివితే ఇందులో ఏమీ లేదు. మొగుడూ పెళ్ళాం గొంతు తగ్గించి, ఒకరి మాట మీద ఒకరు పడుతూ చదవండి, ఒళ్ళు గగుర్పొడుస్తుంది. ఇద్దరూ ఒకరికొకరు భయపడుతున్నారని అక్కడ ఎవరూ చెప్పరు. ఊపిరి ఆడని ఆ చిన్న చిన్న మాటలే చెబుతాయి. దీని తర్వాత ‘చదివితే ఏమొస్తుంది’ అని మీవారు అనరని నా నమ్మకం.

నిద్రలో నడిచే రంగం గురించి మీరు రాసింది చదివి చాలాసేపు ఆలోచించాను. ఆ పాత్రని మొదట వేసింది మగపిల్లాడు. 1660 దాకా ఇంగ్లండులో నాటకశాలల్లో ఆడవేషాలు మగపిల్లలవే. స్థానం నరసింహారావు గారి సత్యభామ గురించి పెద్దలు చెప్పగా విన్నవాళ్ళకి ఇది వింతగా ఉండదు. ఎవరు వేసినా ఆవిడ బాధ ఆవిడదే. నిద్రపోతున్న ఆ ముసలి రాజు మా నాన్నలా కనిపించకపోతే నేనే ఆ పని చేసేదాన్ని అని ముందొక చోట అంటుంది. తర్వాత నిద్రలో, ఆ ముసలాయనలో ఇంత రక్తముంటుందని ఎవరనుకున్నారు అంటుంది. ఈ రెండు మాటల మధ్య నాటకమంతా ఉంది. రెండింటినీ పక్కపక్కన పెట్టుకుని ఒకసారి పైకి చదవండి.

సైమన్ ఫోర్మన్ అని జాతకాలు చూస్తూ వైద్యం చేసుకునే ఒకాయన 1611లో గ్లోబ్‌లో ఈ నాటకం చూసి ఇంటికొచ్చి రాసుకున్న కాగితాలు ఆక్స్‌ఫర్డ్‌లో ఉన్నాయి. విందులో బాంక్వో దయ్యం వెనకనించి వచ్చి మాక్బెత్ కుర్చీలో కూర్చోవడం, రాణి నిద్రలో లేచి నడుస్తూ మాట్లాడితే వైద్యుడు ఆ మాటలు రాసుకోవడం ఆయన మనసులో నాటుకున్నాయి. మంత్రగత్తెల కాగే బాన గురించి మాత్రం ఒక్క ముక్క రాయలేదు. ఆయన్ని పట్టుకున్న రంగమే మిమ్మల్నీ పట్టుకుంది. మీరూ ఒక నోటుబుక్కు పెట్టుకోండి.

ప్రశ్న: ఎం.ఏ. ఇంగ్లీషు మొదటి సంవత్సరం చదువుతున్నాను. షేక్‌స్పియర్‌కి ఏ పుస్తకం కొనాలి? ఒక పేజీలో అసలు నాటకం, ఎదురు పేజీలో ఇప్పటి ఇంగ్లీషులో అర్థం ఉండే పుస్తకాలు బాగుంటాయని సీనియర్లు అంటున్నారు. (అనంతపురం)

జవాబు: ఎదురు పేజీ ఉంటే కన్ను అటే పోతుందమ్మా, ఇటు రాదు. కథ తెలుస్తుంది గానీ నాటకం నీది కాదు. ఆర్డెన్ వాళ్ళ ఎడిషన్‌లో కింద వివరణలు దండిగా ఉంటాయి, ఎం.ఏ.కి అది మంచిది. ఖరీదు ఎక్కువనుకుంటే హైదరాబాద్‌లో అబిడ్స్ ఆదివారం సంతలో పాత పుస్తకాల గుట్టలు వెతికించు. నా సంపూర్ణ సంపుటం అక్కడ కొన్నదే. ఉల్లిపొర కాగితం, రెండు కాలమ్‌ల చిన్నక్షరాలు, అయినా దాన్నే ఇప్పటికీ తిరగేస్తాను. ఏ పుస్తకమైనా సరే, ముందు రంగమంతా అర్థమైనా కాకపోయినా ఆగకుండా పైకి చదువు. ఆ తర్వాతే కింద వివరణ చూడు. ఈ వరస తిరగేయకు.

ప్రశ్న: మాదాపూర్‌లో కాల్ సెంటర్ ఉద్యోగంలో చేరినప్పుడు నాకు గొంతు, యాస మార్చుకునే శిక్షణ ఇచ్చారు. మాది మహబూబ్‌నగర్ జిల్లాలో పల్లెటూరు. ఇప్పుడు ఇంటికి ఫోన్ చేస్తే ‘నీ మాట మారింది బిడ్డా’ అంటుంది మా అమ్మ. బెర్నార్డ్ షా ‘పిగ్మేలియన్’ ఈమధ్యే చదివాను. ఎలైజా ‘ఇప్పుడు నేనేం కావాలి’ అని అడిగే చోట ఏడ్చాను. ఆమెకి హిగిన్స్‌తో పెళ్ళి ఎందుకు చేయలేదు షా? (హైదరాబాద్)

జవాబు: మీ ఉత్తరం నాకు చాలా నచ్చింది. ఆ నాటకాన్ని పాఠం చెప్పిన నాకంటే మీరు దాన్ని దగ్గరనించి చూశారు.

నాలుగో అంకం మళ్ళీ తీయండి. ఎలైజాకి యాస నేర్పి దొరసానిగా నమ్మిస్తానని ఉచ్చారణ పండితుడు హిగిన్స్ తన మిత్రుడు పికరింగ్‌తో కట్టిన పందెం గెలిచాడు. విందులో పూలమ్ముకునే పిల్లని దొరసాని అని అందరూ నమ్మారు. ఇంటికొచ్చి హిగిన్స్, పికరింగ్ ఇద్దరూ ‘హమ్మయ్య, అయిపోయింది, విసుగొచ్చింది’ అనుకుంటారు. ఆమె పక్కనే ఉంది. ఆమెకి ఒక్క మాట లేదు. అప్పుడు హిగిన్స్ చెప్పులు తీసి అతని మీదికే విసురుతుంది. నేను పూలమ్ముకున్నాను గానీ నన్ను నేను అమ్ముకోలేదు, దొరసానిని చేశాక ఇంకేదీ అమ్ముకోవడానికి పనికిరాకుండా పోయాను అంటుంది. యాస నేర్పినవాళ్ళు యాస వచ్చాక ఆ మనిషి ఎక్కడ నిలబడాలో ఆలోచించలేదని 1913 నాటికే షా పట్టుకున్నాడు. మీ అమ్మగారి మాట కూడా ఆ అంకంలోదే అనిపించింది నాకు.

పెళ్ళి సంగతి. నాటకం మొదట వియన్నాలో జర్మన్ భాషలో 1913లో ఆడారు. లండన్‌లో 1914లో. హిగిన్స్ వేషం వేసిన బీర్‌బోమ్ ట్రీ, చివర్లో తెర పడేముందు ఎలైజా వైపు పూలగుత్తి విసరడం మొదలుపెట్టాడు. జనం పెళ్ళి ఖాయమనుకుని సంతోషంగా ఇళ్ళకి పోయారు. షా మండిపడ్డాడు. 1916లో పుస్తకం వేసినప్పుడు చివర్న పెద్ద వ్యాసం చేర్చి మరీ చెప్పాడు: ఎలైజా తనని ప్రేమించిన ఫ్రెడ్డీ అనే కుర్రాణ్ణి చేసుకుంటుంది, పికరింగ్ సాయంతో పూలకొట్టు పెడుతుంది, కొట్టు నడపడం రాక కష్టపడి లెక్కలు నేర్చుకుంటుంది. ఎవరో తెచ్చిపెట్టిన సుఖం కాదు, తన కొట్టు తనది.

షా ఇలా పుస్తకంలో వాదనకి దిగడం అలవాటు చేసుకోవడానికి మరో కారణం కూడా ఉంది. ఇంగ్లండులో 1737 చట్టంతో నాటకాలకి లార్డ్ చాంబర్లేన్ అనే రాజాస్థానపు అధికారి అనుమతి తప్పనిసరి అయింది, 1968 దాకా అది పోలేదు. షా ‘మిసెస్ వారెన్స్ ప్రొఫెషన్’ 1893లో రాస్తే ఇంగ్లండులో నలుగురి ముందు బాహాటంగా ఆడటానికి 1925 దాకా ఆగాల్సి వచ్చింది. స్టేజీ ఇవ్వకపోతే పుస్తకమే స్టేజీ చేసుకున్నాడు. గదిలో కుర్చీ ఎక్కడుందో, మనిషి ఎలా తల తిప్పుతాడో పేజీలకి పేజీలు రాశాడు. నాటకాలు చదివి ఆనందించడం కొత్తగా మొదలుపెట్టేవాళ్ళకి షేక్‌స్పియర్ కంటే ముందు షా ఇవ్వమని నేను ఎప్పుడూ చెబుతాను.

అయిదో అంకంలో ఎలైజా పికరింగ్‌తో ఒకటి అంటుంది. నాకు అసలు చదువు మొదలైంది మీరు మొదటి రోజున నన్ను మిస్ డూలిటిల్ అని పిలిచినప్పుడు అని. పూలమ్మికీ దొరసానికీ తేడా ఆమె ఎలా నడుచుకుంటుందన్నది కాదు, ఎదుటివాళ్ళు ఆమెని ఎలా చూస్తారన్నది అంటుంది. ఈ మాటలు మీ పాలమూరు యాసలో మీరు తెలుగు చేసి మీ అమ్మగారికి వినిపించండి. నాకూ పంపండి, ఈ కాలమ్‌లో వేస్తాను.

ప్రశ్న: నాకు ఇద్దరు ఆడపిల్లలు. ‘కింగ్ లియర్’ నాలుగో అంకం వరకూ ఎన్నోసార్లు చదివాను. తండ్రీ కూతురూ కలుసుకునే చోట పుస్తకం మూసేస్తాను. కార్డీలియా చచ్చిపోవడం ఒకసారి చదివాను, రెండోసారి చదవలేకపోయాను. ఇలా చదవడం నాటకానికి అన్యాయమా? (వరంగల్)

జవాబు: మీకు గొప్ప తోడు ఉంది. డాక్టర్ శామ్యూల్ జాన్సన్ ఇంగ్లీషు నిఘంటువు కట్టిన పండితుడు. కార్డీలియా చావు చదివి ఎన్నో ఏళ్ళ కిందట నేను ఎంత కదిలిపోయానంటే, ఎడిటరుగా సవరించాల్సి వచ్చేదాకా ఆ చివరి రంగాలు మళ్ళీ ముట్టుకోలేదు అని తన 1765 ఎడిషన్‌లోనే రాసుకున్నాడు. అంతటివాడికి చేతకానిది మీకు చేతకాలేదని బాధపడకండి.

ఇంగ్లండు కూడా చూడలేకపోయింది. 1681లో నహూమ్ టేట్ అనే కవి ఈ నాటకాన్ని తిరగరాసి కార్డీలియాని బతికించి, నాటకంలోనే ఉన్న ఎడ్గార్ అనే కుర్రాడితో పెళ్ళి చేశాడు. లియర్‌కి రాజ్యం తిరిగిచ్చాడు. విదూషకుణ్ణి తీసేశాడు. దాదాపు 150 ఏళ్ళు లండన్ జనం చూసిన ‘లియర్’ అదే. 1838లో మాక్‌రెడీ అనే నటుడు షేక్‌స్పియర్ నాటకాన్ని విదూషకుడితో సహా తిరిగి స్టేజీ ఎక్కించాడు.

మనకీ ఈ తడబాటు కొత్త కాదు. సంస్కృత నాటకం మంగళంగా ముగియాలన్న సంప్రదాయంలో పెరిగినవాళ్ళం. బళ్ళారిలో సరసవినోదిని సభ నడిపిన ధర్మవరం రామకృష్ణమాచార్యులు గారు ‘విషాద సారంగధర’ రాస్తే తెలుగులో మొదటి విషాదాంత నాటకమని ఇప్పటికీ చెప్పుకుంటున్నాం. అదే లియర్ కథ 1949లో ‘గుణసుందరి కథ’గా తెలుగు తెర మీదికి వచ్చినప్పుడు చిన్న కూతురు సుఖపడింది. మన ఇళ్ళల్లో తరతరాలుగా అందరూ కోరుకునే ముగింపు అది.

కానీ ఒక్క విషయం మీ ముందు పెట్టాలి. షేక్‌స్పియర్‌కి ముందే ఈ కథ మీద పాత నాటకం ఒకటుంది. 1605లో అచ్చయింది. అందులో రాజు గెలుస్తాడు, సింహాసనం దక్కుతుంది. గ్లోబ్‌కి వచ్చిన జనంలో ఆ కథ తెలిసినవాళ్ళున్నారు. యుద్ధం ఓడినా చివరికి ఎలాగో మంచే జరుగుతుందని ఎదురుచూస్తూ ఉండి ఉంటారు. చంపొద్దని కబురు పంపుతారు కూడా. అప్పుడు లియర్ కూతుర్ని చేతుల మీద మోసుకుంటూ వస్తాడు. చదవలేకపోతున్నాను అన్నారే, ఆయన ఆ దెబ్బ తెలిసే కొట్టాడు. మీరు నాటకానికి అన్యాయం చేయడం లేదు, దాని దెబ్బ పూర్తిగా తిన్నారు.

నాలుగో అంకం దగ్గర ఆగండి, ఎన్నాళ్ళు కావాలంటే అన్నాళ్ళు. నా మట్టుకు నాకు నాటకంలో అన్నిటికంటే ఎత్తయిన చోటు కూడా అదే. మతి చెదిరిన ముసలి తండ్రి లేచి, నవ్వకండి, ఈమె నా బిడ్డ కార్డీలియా అనుకుంటాను అంటాడు. అవును, నేనే, నేనే అంటుంది. నన్ను ద్వేషించడానికి నీకు కారణముంది అంటే, ఏ కారణమూ లేదు, ఏ కారణమూ లేదు అంటుంది. మొదటి అంకంలో, నన్నెంత ప్రేమిస్తున్నావో చెప్పు అని తండ్రి అడిగితే అదే పిల్ల ‘ఏమీ లేదు’ అన్న మాటకే కదా ఇల్లు వదిలి పోవాల్సి వచ్చింది! ఆ ‘లేదు’ ఇక్కడ క్షమగా మారి వచ్చింది. ఎప్పుడైనా చివరి రంగానికి వెళ్ళాలనిపిస్తే ఒంటరిగా వెళ్ళకండి. మీ పిల్లలు పెద్దవాళ్ళయ్యాక ఒకరితో కార్డీలియా, ఒకరితో రాజుని నమ్ముకున్న కెంట్ ప్రభువు చదివించి, మీరు లియర్ చదవండి. ఇక రానే రావు అనే అర్థంలో లియర్ ఒకే మాట అయిదుసార్లు అంటాడు. అయిదింటినీ ఒకే గొంతుతో అనకూడదు. ఎలా అనాలో మీ గొంతుకే తెలుస్తుంది.

ప్రశ్న: తీరంలో ఉన్న మండలంలో జూనియర్ లెక్చరర్ని. పిల్లల్లో చాలామంది మత్స్యకార కుటుంబాల వాళ్ళు. ఇంగ్లీషు అంటే బిగుసుకుపోతారు. వార్షికోత్సవానికి వాళ్ళతో చిన్న ఇంగ్లీషు నాటకం చదివించాలని ఉంది. ఏది ఇమ్మంటారు? (శ్రీకాకుళం జిల్లా)

జవాబు: జె. ఎం. సింజ్ రాసిన ‘రైడర్స్ టు ది సీ’. ఇంకేదీ ఆలోచించకండి. ఐర్లండు నాటకం, ఒకే అంకం, అరగంట పట్టదు. డబ్లిన్‌లో 1904లో మొదటిసారి ఆడారు. సింజ్ 1898 నించి ఆరన్ దీవులకి వెళ్ళి బెస్తవాళ్ళ ఇళ్ళలో ఉండి, వాళ్ళ మాటలు చెవిని వేసుకుని రాశాడు. 1909లో, నలభై కూడా నిండకుండానే పోయాడు పాపం.

స్టేజీ మీద ఒక వంటిల్లు. వలలు, వాన కోట్లు, రాట్నం, గోడకి ఆనించిన కొత్త పలకలు. ఆ పలకలు శవపేటిక కోసం తెచ్చినవి. మౌర్యా అనే తల్లికి మామ, మొగుడు, కొడుకులు ఒక్కొక్కరే సముద్రం పాలయ్యారు. మైకేల్ తొమ్మిది రోజులుగా కనపడలేదు. మిగిలిన ఆఖరివాడు బార్ట్లీ గుర్రాలు అమ్మడానికి పడవ ఎక్కుతానంటాడు. వద్దంటుంది తల్లి. వాడు వెళ్తాడు. వెళ్ళేటప్పుడు తల్లి దీవెన ఇవ్వదు, రొట్టె ఇవ్వడం మరిచిపోతారు.

ఎక్కడో ఉత్తరాన కొట్టుకొచ్చిన శవం మీది బట్టలు అక్కచెల్లెళ్ళు మూట విప్పి చూస్తారు. మేజోడు అల్లింది చెల్లెలు నోరానే. తను అల్లినప్పుడు నాలుగు కుట్లు జారిపోయాయి. లెక్కపెడుతుంది. నాలుగు కుట్లు లేవు. మైకేలే.

నేను భీమిలి వైపు పనిచేసినప్పుడు ఈ చోటుకి రాగానే వెనక బెంచీలో ఒకమ్మాయి, ‘మా ఇంట్లో కూడా వల ముడి చూసి ఎవరు అల్లారో చెప్పేస్తారు మేడమ్’ అంది. అంతవరకూ ఆ పిల్ల క్లాసులో నోరు తెరిచి ఎరగదు. ఆ రోజు నోరా పోర్షన్ తనే అడిగి తీసుకుంది. యాస గురించి బెంగపడక్కర్లేదు. ఈ నాటకంలో ఎవరూ లండన్ ఇంగ్లీషు మాట్లాడరు. ఐరిష్ భాష మాట్లాడే పల్లె జనం నోట ఇంగ్లీషు ఎలా ఒంపులు తిరుగుతుందో అలా రాశాడు సింజ్. మన పిల్లలు ఉత్తరాంధ్ర యాసతో చదివితే ఆ తల్లి ఏడుపుకి లోటేమీ రాదు.

ఒక్కటి గట్టిగా చెప్పాలి. ముందు మీరు పిల్లల ఇళ్ళ సంగతులు కనుక్కోండి. వేటకి వెళ్ళి తిరిగిరాని తండ్రి, అన్న ఉన్న పిల్ల ఎవరైనా ఉంటే, ఆ పిల్లతో విడిగా మాట్లాడండి. వద్దంటే ఈ నాటకం ఎత్తకండి. అప్పుడు గోల్డ్‌స్మిత్ ‘షీ స్టూప్స్ టు కాంకర్’లో రెండు రంగాలు తీసుకోండి. 1773 నాటి హాస్యం. పెద్దింటి ఆడపిల్లల ముందు నోరు పెగలని మార్లో అనే కుర్రాడు పెళ్ళివారింటిని సత్రం అనుకుని కాబోయే మామగారి మీద అజమాయిషీ చేస్తాడు. నోరు పెగలకపోవడం ఏమిటో మీ పిల్లలకి తెలుసు కాబట్టి బాగా చేస్తారు.

ప్రశ్న: రెడింగ్‌లో ఉంటున్నాం. వేసవికి గుంటూరు నించి అమ్మా నాన్నా వస్తున్నారు. నాన్న కుర్రతనంలో పద్య నాటకాల్లో వేషాలు వేసేవారు. ఆయన్ని గ్లోబ్‌కి తీసుకెళ్ళాలని ఉంది. అమ్మకి ఇంగ్లీషు అంతగా రాదు. వాళ్ళకి బాగుంటుందా? (రెడింగ్, ఇంగ్లండు)

జవాబు: తప్పకుండా తీసుకెళ్ళండి. ఇప్పటి గ్లోబ్ 1997లో తెరిచింది. అసలుది 1599లో కట్టారు. 1613లో ‘హెన్రీ ది ఎయిత్’ ఆడుతూ ఫిరంగి పేలిస్తే గడ్డి కప్పు అంటుకుని కాలిపోయింది. మరుసటేడు మళ్ళీ కట్టారు, 1642లో పార్లమెంటు నాటకాలు ఆపించేసింది. ఇప్పటిది ఆ చోటికి దగ్గర్లోనే, థేమ్స్ ఒడ్డున ఉంది. అమెరికా నటుడు సామ్ వానమేకర్ పట్టుదలతో లేచింది, అది పూర్తయ్యేసరికి ఆయన లేడు.

మీ నాన్నగారికి అక్కడ కొత్తేమీ అనిపించదని నా ఊహ. పగటి వెలుతురు, మూడు వైపులా జనం, నటుడు జనం కళ్ళల్లోకి చూస్తూ మాట్లాడటం, జనం తిరిగి అరవడం. నేను ‘ట్వెల్ఫ్త్ నైట్’ చూసిన రోజు బిగుసుకుపోయే దివాను మాల్వోలియో పసుప్పచ్చ మేజోళ్ళు వేసుకుని రాగానే నిలబడ్డవాళ్ళు చేసిన గోలకి నాకు ‘వన్స్ మోర్’ కేకలు గుర్తొచ్చాయి. కోడిగుడ్డు కూర తింటూ తెల్లవార్లూ నాటకం చూసిన ఊళ్ళవాళ్ళం, ఆ సందడి మనకి తెలుసు.

అమ్మగారికి రెండు రోజుల ముందే కథంతా తెలుగులో చెప్పేయండి, ముగింపుతో సహా. కథ తెలిస్తే ఆసక్తి పోతుందనుకోకండి. కృష్ణుడు రాయబారంలో ఏమంటాడో తెలియక ఎవరూ నాటకానికి వెళ్ళలేదు కదా! ఎలా అంటాడో వినడానికి వెళ్ళారు. నాన్నగారి చేత ఒక రంగం ఇంట్లో పైకి చదివించండి. ఆయన గొంతులో విన్న మాటలు స్టేజీ మీద వినపడగానే అమ్మగారు పట్టుకుంటారు.

మొదటిసారి వాళ్ళకి హాస్యమే చూపించండి, విషాదం వద్దు. నిలబడే చోట దాదాపు 700 మంది పడతారు, టికెట్టు చవక, కానీ ఆట మూడు గంటలు సాగొచ్చు. పెద్దవాళ్ళ మోకాళ్ళకి అది మంచిది కాదు. పై వరసల్లో బెంచీ టికెట్లు తీసుకోండి. చాలా బెంచీలకి వెనక ఆనుకునే వీలుండదు, కాబట్టి వెనక వరస దొరికితే మేలు. మెత్తలు అక్కడే అద్దెకిస్తారు. మీరు మాత్రం కింద నిలబడండి. వానొస్తే గొడుగు వేసుకోనివ్వరు, రెయిన్‌కోటు పట్టుకెళ్ళండి.